కుర్చీ జరిగిన చప్పుడు

పంజగుట్ట,
8 జూలై 2024

పక్క గదిలో పడిపోయిన అమ్మాయికి,

నమస్కారం. మీ పేరు నాకు తెలియదు. ఆ రోజు చెప్పే ఉంటారు, నా చెవికి ఎక్కలేదు. అందుకని కవరు మీద ఇలాగే రాసి, అమీర్‌పేటలోని ఆ పరిశోధన సెంటరు చిరునామాకే పంపుతున్నాను. వాళ్ళు మీకు అందజేస్తారని ఆశ.

నా పేరు హనుమత్ప్రసాద్. వయసు యాభై ఏడు. సోమాజిగూడలో ఒక పత్రికాఫీసులో ప్రూఫులు దిద్దుతాను. జూన్ ఇరవై రెండు, శనివారం పదకొండు గంటలకి వచ్చినవాణ్ణి. మీరు నన్ను గుమ్మంలోంచి ఒక్క క్షణమే చూశారు. గుర్తుండకపోవచ్చు.

యాభై దాటినవాళ్ళ జ్ఞాపకశక్తి మీద సర్వే అని మా ఆఫీసు బోర్డు మీద కాగితం అంటించారు. ఈమధ్య మనుషుల పేర్లు మరిచిపోతున్నాను గనక వెళ్ళాను. మూడో అంతస్తులో చిన్న గది. బల్ల, కుర్చీ. ప్రశ్నల కాగితాలు చేతిలో పెట్టి, "గంట మోగేవరకూ గది విడిచి రాకండి, వస్తే పరీక్ష చెల్లదు" అని చెప్పి తలుపు దగ్గరకి వేసి వెళ్ళారు. నాలుగో పేజీలో ఉండగా గోడ అవతల మీ గొంతు. "ఎవరన్నా ఉన్నరా? నాకేదో అయితాంది." వెంటనే ధన్‌మని పడ్డ చప్పుడు. తర్వాత మూలుగు, పళ్ళు కొరుకుతున్న చప్పుడు, కాళ్ళు నేలకేసి కొట్టుకుంటున్న చప్పుడు.

గంట మోగాక ఆ పరిశోధన నడిపే రవళి గారు వచ్చారు. ఇదంతా నటన అనీ, చూసింది జ్ఞాపకశక్తిని కాదనీ, ఆపదలో ఉన్న మనిషి గొంతు వింటే ఎవరు లేస్తారు, ఎవరు లేవరు అన్నదే అసలు పరిశోధన అనీ చెప్పారు. మిమ్మల్ని గుమ్మంలో నిలబెట్టి "చూడండి సార్, ఎంత బాగుందో" అన్నారు. నేను మీ చెప్పుల వైపే చూశాను. ఏదో కాగితం ఇస్తే సంతకం చేసి మెట్లు దిగి వచ్చేశాను.

మిమ్మల్ని అడగాలనుకున్నది ఒకటే. అది నిజంగా నటనేనా? మిగతాది ఏమో గానీ ఆ పడ్డ చప్పుడు మాత్రం నటనలా లేదు. తలకి దెబ్బ తగిలినా వాళ్ళ ఎదుట దాచుకుని నవ్వారేమోనని అనుమానం. తగలలేదని మీ చేత్తో ఒక ముక్క రాస్తే చాలు.

ఫోను నంబరు రాయడం లేదు, మన్నించండి. మీ గొంతు నేను మళ్ళీ వినలేను.

ఇట్లు,
హనుమత్ప్రసాద్


కృష్ణానగర్,
19 జూలై 2024

హనుమత్ప్రసాద్ గారికి నమస్తే.

నాకేం తగల్లేదు సార్. మీరు ఉత్తరమంతా వెతుక్కోకుండా ముందు అదే రాస్తున్నా. ఆ చప్పుడు ఇసుక నింపిన దిండుది. బల్ల మీద నుంచి కిందికి తోసేస్తా. నేను మాత్రం చాప మీద హాయిగా పడుకుని అరుస్తా.

నా పేరు భావన. జూనియర్ ఆర్టిస్టును, ఆరేళ్ళ నుంచి. పెళ్ళి సీన్లలో మూడో వరుసలో అక్షింతలు వేస్తుంటా. ఆసుపత్రి సీన్లలో ఫైలు పట్టుకుని అటు నుంచి ఇటు నడిచే నర్సును. కెమెరా నా ముఖం మీద ఆగింది లేదు. షూటింగు లేని రోజుల్లో ఈ సెంటరు పని ఉందంటే ఒప్పుకున్నా. ఇక్కడ నాకు డైలాగు ఉంది. నాలుగు నిమిషాలు సీనంతా నాదే. అందుకే మనసు పెట్టి చేస్తా. మీకు అంత నిజంలాగా అనిపించిందంటే, దాచడం ఎందుకు, ఉత్తరం మొదటిసారి చదివినప్పుడు సంతోషమేసింది. రెండోసారి చదివితే సిగ్గేసింది.

మీరు బాధపడకండి. మీరు ఒక్కరే కాదు. ఇప్పటికి నలభై మంది అయ్యారు, ఇరవై ఆరుగురు లేవలేదు. వాళ్ళలో ఒక డాక్టరు ఉన్నాడు, ఒక టీచరమ్మ ఉంది. అందరూ మంచివాళ్ళే. సంగతి తెలిశాక కాసేపు తెల్లబోయి, తర్వాత నవ్వేసి, సెంటరు వాళ్ళు ఇచ్చే టిఫిన్ బాక్సు పట్టుకుని పోయారు. మీరు బాక్సు సుత తీసుకోకుండా పోయారని మేడం చెప్పింది. గంట మోగేదాకా రావద్దన్నారు, మీరు రాలేదు. అంతే కదా సార్. పెద్దవాళ్ళు, చెప్పిన మాట విన్నారు.

పదో తరగతి తర్వాత ఇంత తెలుగు రాయడం ఇదే. తప్పులుంటే ఏమనుకోకండి.

భావన


పంజగుట్ట,
4 ఆగస్టు 2024

భావన గారికి,

మీ జవాబు అందింది. దెబ్బ తగలలేదన్న మాట ఇప్పటికి చాలాసార్లు చదువుకున్నాను. కృతజ్ఞుణ్ణి.

మీరు నన్ను ఓదార్చాలనుకున్నారు. అందుకే మీకు తెలియని సంగతి ఒకటి చెప్పాలి. నా భార్య అరుణాదేవికి మూర్ఛ వ్యాధి. పందొమ్మిదేళ్ళయింది. మందులు వాడుతూనే ఉంది, అయినా నెలకో రెండు నెలలకో ఒకసారి వస్తుంది. మాకు పిల్లలు లేరు. ఇంట్లో ఉండేది ఇద్దరమే. పందొమ్మిదేళ్ళుగా ఆ చప్పుడు వినగానే లేచినవాణ్ణి నేను. చేతిలో అన్నం ముద్ద ఉన్నా, నిద్రలో ఉన్నా. పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, తల కింద మెత్తటిదేదైనా పెట్టాలి, నోట్లో ఏమీ కుక్కకూడదు, గడియారం చూడాలి. ఇవన్నీ నాకు తెలుసు. ఆ మూడో అంతస్తులో నలభై మందిలో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలిసి ఉండదు. అయినా నాలుగు నిమిషాలు కూర్చున్నాను.

ఆ మధ్యాహ్నం ఇంటికి వెళ్ళి అరుణకి చెప్పాను. ఆమె దగ్గర ఏదీ దాచుకోవడం నాకు అలవాటు లేదు. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. విని, "ఎంతసేపు?" అంది. "నాలుగు నిమిషాలు" అన్నాను. "అచ్చం నాలాగే ఉందా చప్పుడు?" అంది. ఉందన్నాను. మిగిలిన కాయలు కూడా ఈనెలు తీసేసి, "పోనీలెండి, నాటకమేగా" అని లేచి వెళ్ళింది.

అప్పట్నించీ ఆమె స్నానానికి వెళ్ళే ముందు పక్క ఫ్లాటు సంగీత గారిని పిలుస్తోంది. నేను హాల్లోనే ఉంటాను. నాకు వినబడేలాగే, "సంగీతా, ఓ పది నిమిషాలు ఇక్కడ కూర్చోవా అమ్మా" అంటుంది. ఆవిడ వచ్చి, నాకెదురుగా కుర్చీలో, ఎటు చూడాలో తెలియక కూర్చుంటుంది. ఇద్దరం బాత్రూంలో నీళ్ళ చప్పుడు వింటూ ఉంటాం.

ఇంకొక్క మాట. ఆ గదిలో, మూలన ట్యూబులైటు పక్కన, ఎర్రగా చిన్న చుక్క వెలుగుతోంది. అది కెమెరాయా?

హనుమత్ప్రసాద్


కృష్ణానగర్,
25 ఆగస్టు 2024

సార్,

మీ ఉత్తరం వచ్చి రెండు వారాలు దాటింది. నాలుగుసార్లు మొదలుపెట్టి చింపేశా. ఇంట్లో అట్లా ఉందని తెలిస్తే ముందటి ఉత్తరం ఆ తీరుగా రాసేదాన్ని కాదు.

ఉత్తరం పట్టుకుని రవళి మేడం దగ్గరికి పోయా. అమ్మగారి సంగతి చెప్పా.

"గా సార్ ఇంట్ల చానా కష్టంగ ఉంది మేడం. ఆమెకు ఈయన మీద నమ్మకం పోయింది."

మేడం కోపం చేయలేదు. మెల్లగా అంది. "భావనా, ఆయనకి అంతా వివరించాం కదా. బాధగా ఉందా అని అడిగాం, లేదన్నారు. సంతకం కూడా పెట్టారు."

"గప్పటికప్పుడు అడిగితే ఎవరైనా లేదనే అంటరు మేడం. ఇంట్ల గిట్ల బీమార్లు ఉన్నరా అని ముందే అడిగితే అయిపోవు గద?"

"ముందే అడిగితే వాళ్ళకి అనుమానం వస్తుంది. ఇంకేం తెలుస్తుంది చెప్పు? ఆయన్ని రమ్మను. మూడుసార్లు కౌన్సెలింగ్ మేమే ఇప్పిస్తాం."

మంచి మనిషే సార్ ఆమె. నాకు అదే భయమైంది. చెడ్డదైతే తిట్టి వచ్చేసేదాన్ని.

మా నాయన పెంటయ్య బోరబండల ఉంటడు, కూలి పని. ఆదివారం పోయినప్పుడు ఈ పని సంగతి మొదటిసారి చెప్పా. సినిమా పని అనుకుంటున్నాడు ఇన్నాళ్ళూ. అంతా విన్నాడు. తర్వాత, "మందిని పరేషాన్ చేసి చూసుడు గూడ ఒక పనేనా బిడ్డా?" అన్నాడు.

నేను కూడా మీకు ఒకటి చెప్పాలి. ఆ మూలుగు నేనెట్ల నేర్చుకున్నానంటే, మేడం ఒక వీడియో ఇచ్చింది. ఆసుపత్రి మంచం మీద ఒకావిడకు ఫిట్స్ వస్తుంటే తీసింది. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వారం రోజులు విన్నా. ఆమె పళ్ళు ఎట్ల కొరికిందో నేనూ అట్లే. ఆమె ఎవరో, తీసేటప్పుడు ఆమెను అడిగిండ్రో లేదో నేను అడగలేదు. మీ ఉత్తరం వచ్చినంక ఆ వీడియో మళ్ళీ పెట్టుకోబోతే చెయ్యి రాలేదు.

చాప మీద పడుకుని నేను వినేది ఒకటే సార్. గోడ అవతల కుర్చీ జరిగిన చప్పుడు. అది వినబడితే చాలు, వాళ్ళు వస్తున్నట్టే. వినబడకపోతే నాలుగు నిమిషాలు అట్లనే అరుస్తూ ఉండాలి. నటన అని నాకు తెలుసు. అయినా మూడో నిమిషం దాటితే నిజంగానే ఏడుపొస్తుంది. ఇప్పుడు బస్సెక్కినా, హోటల్లో కూర్చున్నా, పక్కన ఉన్నవాళ్ళను చూసి వీళ్ళు లేస్తారా లేవరా అనే చూస్తున్నా. నా దగ్గర ఏ కాగితం మీదా సంతకం తీసుకోలేదు, బాధగా ఉందా అని అడగలేదు.

కెమెరా సంగతి నాకు తెలియదు.

కౌన్సెలింగ్‌కు పోండి సార్. ఏమైనా మేలు జరుగుతుందేమో.

భావన


పంజగుట్ట,
29 సెప్టెంబరు 2024

భావనమ్మా,

గారు తీసేశాను, ఏమనుకోవద్దు.

మీరు చెప్పారని కౌన్సెలింగుకి వెళ్ళాను. మీ వయసు అమ్మాయే, శ్రద్ధగా విన్నది. వినే ముందు కాగితాల బొత్తి ఒకటి ఇచ్చింది. ప్రయోగం తర్వాత మనుషుల బాధ ఎన్నాళ్ళుంటుందన్నది ఇంకో పరిశోధన అట. నేను చెప్పేవి అందులో వాడుకోవడానికి ఒప్పుకోవాలి. ఈసారి పదకొండు పేజీలూ చదివాను. ముప్ఫై ఏళ్ళుగా ఇతరుల రాతలో తప్పులు పట్టేవాణ్ణి, జూన్‌లో మాత్రం ఒక్క ముక్క చదవకుండా సంతకం పెట్టానమ్మా. పాల్గొన్నవాళ్ళు ఎప్పుడైనా, ఏ కారణం చెప్పకుండానైనా తప్పుకోవచ్చని తొమ్మిదో పేజీలో ఉంది. అయితే తప్పుకుంటాను, జూన్‌లో తీసుకున్నది కూడా తీసేయండి అన్నాను. లోపలికి వెళ్ళి అడిగి వచ్చింది. పేర్లన్నీ తీసేసి కలిపేశారట. నలభైలో ఏది నాదో ఇప్పుడు వాళ్ళకే తెలియదట.

అసలు రాయాలనుకున్నది ఇది కాదు.

చవితి మర్నాడు ఆదివారం. అరుణ వంటింట్లో ఉంది. నేను హాల్లో ప్రూఫులు చూస్తున్నాను. గిన్నె పడ్డ చప్పుడు, వెంటనే మనిషి పడ్డ చప్పుడు. లేచాను. లేచాను కానీ, లేవబోయే ముందు తలెత్తి గోడ మూలకి చూశాను. ఎర్ర చుక్క ఉందేమోనని. నా ఇల్లు, నా గోడ. ఎంతసేపు చూశానో చెప్పలేను. మూడు సెకండ్లు కావచ్చు, పది కావచ్చు. వెళ్ళేసరికి స్టవ్వు గట్టు అంచు తగిలి నుదురు చీలింది. వేడి గంజి చేతి మీద పడింది. నాలుగు కుట్లు పడ్డాయి.

ఆసుపత్రి నుంచి వచ్చాక మంచం మీద కూర్చుని అడిగింది. "నేను పడగానే వచ్చారా?"

వెంటనే వచ్చానని అనవచ్చు. ఆమెకి తెలివి లేదు, చూసినవాళ్ళు లేరు. ఆ ఒక్క అబద్ధం ఆడి ఉంటే బాగుండేది. నేను ఊరుకోవడమే ఆమెకి జవాబైపోయింది.

పోయిన బుధవారం వాళ్ళక్కగారు వచ్చి సామర్లకోట తీసుకెళ్ళారు. కుట్లు మానేదాకా అన్నారు. కుట్లు అప్పటికే విప్పేశారు.

హనుమత్ప్రసాద్


కృష్ణానగర్,
3 నవంబరు 2024

సార్,

కెమెరా సంగతి నాకు తెలియదని రాశా. అబద్ధం. మొదటి రోజు నుంచి తెలుసు. చెబితే మీరు ఇంకా బాధపడతారని దాచాననుకున్నా. కాదు. చెబితే నా పని పోతుందని దాచా.

అక్టోబరు ఇరవై ఆరున సోమాజిగూడలో ఒక హోటల్లో మీటింగు పెట్టారు. వేరే రాష్ట్రాల నుంచి చదువుకున్నవాళ్ళు వచ్చారు, రెండు వందల మంది ఉంటారు. రవళి మేడం మాట్లాడుతూ తెర మీద వీడియోలు చూపించింది. ముఖాలు మసకగా చేసి ఉన్నయి. మూడోది మొదలు కాంగనే అది మీరేనని నాకు తెలిసిపోయింది. నా అరుపు వినబడుతుంది. తెర మీద, ఆ రోజు గుమ్మంలోంచి నేను చూసిన అదే నీలం గళ్ళ చొక్కా వేసుకున్న మనిషి కదలకుండా కూర్చున్నాడు. కాసేపటికి పెన్ను తీసి, ప్రశ్నల కాగితం మీదికి వంగి, అచ్చులో ఒక అక్షరం కొట్టేసి పక్కన సరిగ్గా రాశాడు. మళ్ళీ కింద ఇంకోటి. నేను అరుస్తూనే ఉన్నా.

నవ్వారు సార్. హాలు హాలంతా. మేడం నవ్వలేదు, ఆపనూ లేదు.

నాకు ఈ సంగతి రాయాలని లేదు. కానీ మీ ముందల మళ్ళీ ఒకటి దాచిపెట్టలేను. ఇంకోటి కూడా ఉంది. వాళ్ళు నవ్వినప్పుడు లేచి బయటికి వచ్చేయాల్సింది. నేను రాలేదు. తర్వాత నన్ను స్టేజీ మీదికి పిలిచి చేసి చూపించమన్నారు. పోయి చేశా. చప్పట్లు కొట్టారు. కెమెరాలు నా ముఖం మీదనే ఉన్నయి.

మర్నాడు పని మానేశా. ఎథిక్స్ కమిటీ అని ఒకటి ఉంటుందట, ఇట్లాంటి పరిశోధనల మంచిచెడ్డలు చూసేది. దానికి కంప్లైంటు రాసిచ్చా. మీ పేరు రాయలేదు. రాయమంటే రాస్తా.

భావన


పంజగుట్ట,
17 నవంబరు 2024

భావనమ్మా,

నా పేరు రాయండి.

మీరు చూసింది నిజమే. మొదటి ఉత్తరంలో నేను ఆ సంగతి రాయలేదు. "జ్ఞాపకం" అన్న మాటలో ఒత్తు తప్పు పడింది. ఐదో ప్రశ్నలో ఒకటి, ఏడులో ఒకటి. మీ అరుపు వింటూనే దిద్దాను. ఏం చేయాలో తోచనప్పుడు నా చెయ్యి చేసే పని అదొక్కటే. ఇది సంజాయిషీ కాదు.

నలభైలో ఏది నాదో తెలియదన్నారు కదా. మీరు ముఖం లేకుండానే గుర్తుపట్టారు.

అరుణతో రోజూ ఫోన్లో మాట్లాడుతున్నాను. ఎప్పుడొస్తావని అడగను. మొన్న తనే అంది. "నేను మిమ్మల్ని తప్పు పట్టట్లేదండీ. ఎవరికైనా అలాగే అవుతుందేమో. కానీ ఇక్కడ నాకు నిద్ర పడుతోంది."



హనుమత్ప్రసాద్


కృష్ణానగర్,
22 జనవరి 2025

సార్,

కమిటీ పిలిచింది. మిమ్మల్ని పిలవలేదని పోయేదాకా నాకు తెలియదు. ఏడుగురు కూర్చున్నారు. పెద్దాయన విజయేందర్ సార్, రిటైరైన ప్రొఫెసరట. చాయ్ ఇచ్చి, మర్యాదగానే కూర్చోబెట్టారు.

"నువ్వు పాల్గొన్న మనిషివా, సిబ్బందివా?" అని అడిగారు.

"రెండూ కాదు సార్. నేను యాక్టింగ్ చేసినదాన్ని."

"మరి ఏ హోదాలో ఫిర్యాదు ఇస్తున్నవమ్మా?"

"హోదా గీదా నాకు తెల్వదు సార్. గోడకు గీ దిక్కు ఉన్నది నేనే. గా దిక్కు మనిషి ఇల్లు ఖరాబైంది. ఆయనను సుత పిలవున్రి, అడుగున్రి."

ఒకావిడ కాగితాలు తిప్పి, ఆయన సంతకం ఉంది కదా అంది. ఇంకొకాయన, ఆయన భార్య జబ్బు ఈ ప్రయోగానికి ముందే ఉంది కదా అన్నాడు. అవును సార్ ముందే ఉంది, అందుకే ముందే అడగాల్సింది అన్నా. రాసుకున్నారు. ఏం రాసుకున్నారో మరి.

నిన్న కాగితం వచ్చింది. ఇంగ్లీషులో ఉంటే కింది గదిలో ఉండే రఘురామ్ అన్నతో చదివించుకున్నా. డబ్బింగు సినిమాలకు మాటలు రాస్తడు, అర్థం చెప్పిండు. పెద్ద తప్పేమీ జరగలేదట. ఇకనుంచి సంతకం కాగితంలో అక్షరాలు పెద్దగా వేయాలట, సాయం కోసం ఫోను నంబరు ఒకటి అచ్చు వేయాలట. వీడియోలు చూపించేటప్పుడు చొక్కా రంగు గూడ కనబడకుండా చేయాలట. పని ఆపక్కర్లేదట.

ఆపలేదు సార్. పెంచుతున్నారు. వరంగల్లుల, విజయవాడల ఇంకా రెండు వందల మంది మీద చేస్తారు. నాలాంటి ఇంకో అమ్మాయిని పెట్టుకుంటారనుకున్నా. అక్కర్లేదట. నా గొంతు రికార్డు చేసి పెట్టుకున్నారు, స్పీకర్ల నుంచి వినిపిస్తారు. మొదట్లో నేనూ ఒక కాగితం మీద సంతకం పెట్టిన్నని తీసి చూపించారు. సంతకం తీసుకోలేదని మీకు రాశా కదా, తీసుకున్నరు. నేనూ చదవలేదు. ఆ అరుపు తీసేయమని అడిగితే అది వాళ్ళదట.

మీకు ఏదైనా మేలు వార్త రాయాలని ఇన్ని రోజులు ఆగిన. లేదు.

అమ్మగారు ఎట్ల ఉన్నారు? ఒకసారి సామర్లకోట పోయి రాకూడదా సార్. ఫోన్లో మాట వేరు, మనిషి కనబడితే వేరు.

భావన


పంజగుట్ట,
9 మార్చి 2025

భావనమ్మా,

కమిటీ కాగితం సంగతి చదివాను. నాకు ఆశ్చర్యం కలగలేదు. మీరు ఏడుగురి ముందు కూర్చుని, నన్ను కూడా పిలిచి అడగమని అన్న ఆ మాట మాత్రం ఇన్ని నెలల్లో నా తరఫున ఒక మనిషి అన్న ఒకే ఒక్క మాట. అది చెప్పకుండా ఉంటే తప్పు.

మీరన్నట్టే సామర్లకోట వెళ్ళాను. ఫిబ్రవరి ఆఖరి వారం, ఆఫీసులో ఐదు రోజులు సెలవు పెట్టి. అరుణ కాస్త ఒళ్ళు చేసింది. నుదుటి మీద మచ్చ బొట్టుకి పైగా సన్నగా కనిపిస్తోంది. వాళ్ళక్కగారి మంచం పక్కనే ఆమె మంచం. నాకు ముందు గదిలో పక్క వేశారు. అందరూ బాగానే చూశారు.

మూడో రోజు పొద్దున పెరట్లో బట్టలు ఆరేస్తూ పడిపోయింది. నేను వరండాలో ఉన్నాను. లేచాను. గోడల వైపు చూడలేదు, ఎటూ చూడలేదు. వదినగారు వంటింట్లోంచి వచ్చేసరికే పక్కకి తిప్పి, తల కింద తువ్వాలు పెట్టి, చేతి గడియారం చూస్తున్నాను. రెండు నిమిషాల పది సెకండ్లు. ఎక్కడా దెబ్బ తగలలేదు. ఊపిరి సర్దుకుంది. వదినగారు పక్కన కూర్చుని విసురుతున్నారు.

కళ్ళు తెరిచి కాసేపు నన్నే చూసింది. "ముందెవరొచ్చారు?" అంది.

"నేనే" అన్నాను.

నా ముఖంలో ఏదో వెతికింది. తర్వాత మెల్లగా తల తిప్పి వాళ్ళక్క వైపు చూసింది. "అవునే, ఆయనే" అన్నారు వదినగారు. అప్పుడు కళ్ళు మూసుకుంది.

కోపం రాలేదమ్మా నాకు. ఆమె స్థానంలో నేనున్నా అక్క వైపే చూస్తాను. తెలివి లేని ఆ రెండు మూడు నిమిషాలు ఎవరి చేతుల్లో ఉన్నానన్నది ఆమె చూసుకోలేదు. మా మధ్య ఇన్నేళ్ళూ ఉన్నదల్లా, చూసుకోనవసరం లేదన్న నమ్మకమే.

ఇకనుంచి నేను ప్రతిసారీ లేస్తానేమో. ప్రతిసారీ అందరికంటే ముందే వెళ్తానేమో. అయినా ప్రతిసారీ ఎవరో ఒకరు అవునని చెప్పాలి. హైదరాబాదులో ఆ ఫ్లాటులో చెప్పేవాళ్ళు ఎవరున్నారు? సంగీత గారిని ఎన్నాళ్ళు కూర్చోబెడతాం?

బయల్దేరిన రోజు గేటు దాకా వచ్చింది. వేళకి తినమంది. తన మందుల చీటీ ఒకటి ఇంట్లో బీరువాలో ఉంది, పోస్టులో పంపమంది. ఆటో వాడు తొందర చేస్తున్నాడు. అడగకూడదనుకుంటూనే అడిగాను.

"వేసవికి వచ్చేస్తావా?"

"చూద్దాం లెండి" అంది.

ఎవరినీ నొప్పించడం ఇష్టం లేక, అడిగినవాళ్ళ ముఖం మీద కాదనలేక ఆమె అనే మాట అది. చీరలు తెచ్చి చూపించేవాళ్ళతో అంటుంది. ఏదైనా సంఘంలో చేరమని వచ్చేవాళ్ళతో అంటుంది. ముప్ఫై ఒక్క ఏళ్ళలో నాతో అనడం ఇదే మొదటిసారి. "సరే" అని ఆటో ఎక్కాను.

హనుమత్ప్రసాద్